14.2 కిలోల గ్యాసు, 22 లీటర్ల నీళ్లు: సమీకరణంలోని అంకెలతో లెక్కలు

బదిలీల మీద ఊళ్లు తిరిగే ఇళ్లలో చాలా మారిపోతుంటాయి. క్వార్టరు మారుతుంది, బడి మారుతుంది, పక్కింటివాళ్ల భాష మారుతుంది. వంటింట్లో ఎర్ర సిలిండరు మాత్రం మారదు. జోర్హాట్‌లో ఉన్నా, జోధ్‌పూర్‌లో ఉన్నా, విశాఖపట్నంలో ఉన్నా ఇంటి వాడకం సిలిండరులో ఉండే గ్యాసు సాధారణంగా 14.2 కిలోలే. పాత ఊళ్లో సిలిండరూ రెగ్యులేటరూ అప్పగించి, కాగితం రాయించుకుని, కొత్త ఊళ్లో మళ్లీ అదే 14.2 కిలోలు ఇంటికి తెచ్చుకుంటాం.

కొన్ని వారాలకు ఆ గ్యాసు అయిపోతుంది. అయిపోయింది అంటే ఏమైపోయింది? దీనికి సగం జవాబు గిన్నె అడుగునే దొరుకుతుంది. స్టీలు గిన్నెలో బాగా చల్లటి నీళ్లు పోసి, అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని, వెలిగించిన స్టవ్ మీద పెట్టించండి. మొదటి కొద్ది క్షణాల్లో గిన్నె బయటి వైపు మసకగా తేమ పడుతుంది. గిన్నె వేడెక్కగానే ఆ తేమ పోతుంది. అది గిన్నెలోంచి కారిన నీరు కాదు, మంటలో పుట్టిన నీరు. ఒక సిలిండరు మొత్తం కాలితే ఇలాంటి నీరు ఎంత పుడుతుంది? అడిగితే ఎక్కువమంది ఒక గ్లాసు అంటారు, ధైర్యం చేసినవాళ్లు ఒక బిందె అంటారు. లెక్క వేస్తే కనీసం 22 లీటర్లు వస్తుంది. లోపల ఉన్న గ్యాసు బరువు 14.2 కిలోలు, బయటికి వచ్చిన నీటి బరువే 22 కిలోలు. ఇదెలా సాధ్యమో, ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

పదో తరగతి మొదటి పాఠంలో రసాయన సమీకరణాలను తుల్యం చేయడం నేర్చుకుంటారు. పదకొండో తరగతి మొదటి పాఠంలో ఆ తుల్య సమీకరణాలతో బరువులు లెక్కగట్టమంటారు. ఏడాది మధ్యలో బడి మారినవాళ్లకు ఈ రెండింటి మధ్య వంతెన ఒక్కోసారి దక్కదు. పాత బడిలో ఇంకా మొదలుపెట్టలేదు, కొత్త బడిలో అప్పటికే అయిపోయింది! అటువంటివాళ్లను ముఖ్యంగా తలచుకుని ఇది రాస్తున్నాం. మీరు పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాస్తారు. అయినా ఆలోచన ఇంటి భాషలో ఒకసారి నడిస్తే గట్టిగా నిలుస్తుందని మా నమ్మకం. అందుకే ఇక్కడ రసాయన సూత్రాలకు బదులు పదార్థాల పేర్లే వాడుతున్నాం. పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని, ప్రతి పేరు దగ్గరా దాని సూత్రం మీరే రాసుకుంటూ చదవండి. ఒక కాగితం, పెన్సిలు లేకుండా ఈ పాఠం చదవడం వల్ల ఉపయోగం తక్కువ.

రెండు ఆకులు, ఒక వక్క

ముందుగా అందరికీ తెలిసిన సమీకరణం ఒకటి.

2 హైడ్రోజన్ + 1 ఆక్సిజన్ → 2 నీరు

ఇందులో 2, 1, 2 అనే అంకెలను గుణకాలు అంటాం. వీటిని గ్రాములుగా చదివితే ఏమవుతుందో చూడండి. 2 గ్రాముల హైడ్రోజన్, 1 గ్రాము ఆక్సిజన్ కలిస్తే 2 గ్రాముల నీరు! మరి మిగతా గ్రాము ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోదు. అసలు చదవడమే తప్పు. గుణకాలు బరువులు కావు, సంఖ్యలు. రెండు హైడ్రోజన్ అణువులు ఒక ఆక్సిజన్ అణువుతో కలిస్తే రెండు నీటి అణువులు వస్తాయి. సమీకరణం చెప్పేది అంతే.

పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఇచ్చే తాంబూలాన్ని గుర్తు చేసుకోండి. రెండు తమలపాకులు, ఒక వక్క. దీన్నీ సమీకరణంలా రాయవచ్చు.

2 ఆకులు + 1 వక్క → 1 తాంబూలం

దీన్ని చూసి రెండు కిలోల ఆకులకు ఒక కిలో వక్కలు కొనాలని ఎవరూ అనుకోరు. ఇంకో సంగతి ఉంది. బజారులో తమలపాకులు కట్టల లెక్కన అమ్ముతారు, అంటే లెక్కపెట్టి. వక్కలు తూకం వేసి అమ్ముతారు. ఇప్పుడు 2 కిలోల వక్కలు తెచ్చారనుకుందాం. ఎన్ని ఆకులు కావాలి? నేరుగా చెప్పలేం. ముందు వక్కలు ఎన్ని ఉన్నాయో తెలియాలి. ఒక్కో వక్క 8 గ్రాములు అనుకుంటే 2000ను 8తో భాగిస్తే 250 వక్కలు. వక్కకు రెండు చొప్పున 500 ఆకులు. కట్టకు వంద అయితే 5 కట్టలు.

ఈ లెక్కలో మనం మూడు పనులు చేశాం. బరువును సంఖ్యగా మార్చాం, ఒక వస్తువు సంఖ్య నుంచి నిష్పత్తి ద్వారా ఇంకో వస్తువు సంఖ్యకు వెళ్లాం, ఆ సంఖ్యను మళ్లీ కొనే కొలతలోకి మార్చాం. పెద్ద పేరున్న స్టాయికియోమెట్రీ మొత్తం ఈ మూడు పనులే. ఆ మాటను 1792లో జర్మనీకి చెందిన జెరేమియాస్ రిక్టర్ గ్రీకు పదాల నుంచి తయారుచేశాడు. మూలకాలను కొలవడం అని అర్థం. మాట భయపెట్టేదిగా ఉంటుంది గానీ పని తాంబూలాలు కట్టే పెద్దమ్మకు తెలిసినదే.

వక్కను తూచగలం, అణువును తూచలేం. అణువులు లెక్కకు అందనంత చిన్నవి, లెక్కకు అందనన్ని. అందుకే గుంపుగా లెక్కపెడతాం. అరటిపళ్లకు డజను ఉన్నట్టే అణువులకు మోల్ ఉంది. డజను అంటే 12, మోల్ అంటే 6.022 × 10²³. ఈ సంఖ్యను 2019 మే 20 నుంచి 6.02214076 × 10²³ అని కచ్చితంగా స్థిరపరిచారు. మన లెక్కల్లో ఈ సంఖ్యను ఒక్కసారి కూడా వాడబోవడం లేదు. చాలామంది దీన్ని చూసే హడలిపోతారు కనుక ఈ మాట ముందే చెబుతున్నాం. మనకు అవసరమైనది దాని వల్ల వచ్చే సౌకర్యం మాత్రమే. పట్టికలో ఉన్న పరమాణు భారాలు కూడి, పక్కన గ్రాములు అని రాస్తే అది ఒక మోల్ బరువు. హైడ్రోజన్ 1, కార్బన్ 12, ఆక్సిజన్ 16. నీటి అణువులో రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్ కనుక ఒక మోల్ నీరు 18 గ్రాములు. గాలిలోని ఆక్సిజన్ జంటగా ఉంటుంది కనుక ఒక మోల్ 32 గ్రాములు. హైడ్రోజన్ కూడా జంటే, 2 గ్రాములు. ఒక మోల్ నీటికి 18 గ్రాములు అనేది వక్కకు 8 గ్రాములు అన్నటువంటి మాటే.

ఇప్పుడు పై సమీకరణం బరువుల్లో చూడండి. 2 మోల్‌ల హైడ్రోజన్ 4 గ్రాములు, 1 మోల్ ఆక్సిజన్ 32 గ్రాములు, 2 మోల్‌ల నీరు 36 గ్రాములు. 4, 32 కలిస్తే 36. పోయిన గ్రాము ఏదీ లేదు. మోల్‌లు మాత్రం మూడు వెళ్లి రెండు వచ్చాయి. అణువుల సంఖ్య మారవచ్చు, పరమాణువుల సంఖ్య మారదు, అందువల్ల మొత్తం బరువు మారదు.

సిలిండరు లెక్క

ఇంటి గ్యాసులో ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులు కలిసి ఉంటాయి. తేలిక కోసం ముందు మొత్తం ప్రొపేనే అనుకుందాం. ప్రొపేన్ అణువులో 3 కార్బన్‌లు, 8 హైడ్రోజన్‌లు. ఒక మోల్ బరువు 36, 8 కలిపి 44 గ్రాములు.

1 ప్రొపేన్ + 5 ఆక్సిజన్ → 3 కార్బన్ డయాక్సైడ్ + 4 నీరు

తుల్యం అయిందో లేదో మీరే సరిచూసుకోండి. ఆక్సిజన్ పరమాణువులు ఎడమవైపు 10, కుడివైపు 6, 4 కలిపి 10. తుల్యం కాని సమీకరణంతో మొదలుపెడితే తర్వాత ఎంత శ్రద్ధగా గుణించినా జవాబు తప్పే వస్తుంది. అందుకే ఈ ఒక్క నిమిషం ఎప్పుడూ పిసినారితనంతో మిగుల్చుకోకండి.

మొదటి పని, బరువు నుంచి మోల్‌లు. 14.2 కిలోలు అంటే 14,200 గ్రాములు. 44తో భాగిస్తే 322.7 మోల్‌ల ప్రొపేన్.

రెండో పని, మోల్ నిష్పత్తి. సమీకరణంలో ప్రొపేన్ 1 అయితే నీరు 4. కనుక 322.7ను 4తో గుణిస్తే సుమారు 1291 మోల్‌ల నీరు.

మూడో పని, మోల్‌ల నుంచి బరువు. 1291ని 18తో గుణిస్తే దాదాపు 23,200 గ్రాములు, అంటే 23.2 కిలోలు.

ఇప్పుడు మొత్తం బ్యూటేన్ అనుకుని అదే పని చేద్దాం. బ్యూటేన్‌లో 4 కార్బన్‌లు, 10 హైడ్రోజన్‌లు, ఒక మోల్ 58 గ్రాములు.

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

14,200ను 58తో భాగిస్తే 244.8 మోల్‌లు. నిష్పత్తి 2కు 10, అంటే 1కి 5. కనుక 1224 మోల్‌ల నీరు, 22.0 కిలోలు. అసలు గ్యాసు ఈ రెండింటి మిశ్రమం కాబట్టి నీరు 22కీ 23కీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఒక లీటరు నీరు ఒక కిలో. మామూలు స్నానాల బకెట్టు నిండి పొర్లిపోయేంత! ఆవిరిగా కిటికీలోంచి వెళ్లిపోతుంది కనుక మన కంట పడదు.

14.2 కిలోల నుంచి అంత నీరు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆక్సిజన్‌లో ఉంది. ప్రొపేన్ లెక్కలో 1కి 5 చొప్పున 1613.6 మోల్‌ల ఆక్సిజన్ కావాలి. 32తో గుణిస్తే 51.6 కిలోలు. కార్బన్ డయాక్సైడ్ 1కి 3 చొప్పున 968.2 మోల్‌లు, ఒక్కో మోల్ 44 గ్రాములు కనుక 42.6 కిలోలు. ఇప్పుడు తక్కెడ చూడండి. లోపలికి వెళ్లినవి 14.2, 51.6, మొత్తం 65.8. బయటికి వచ్చినవి 42.6, 23.2, మొత్తం 65.8. సరిపోయింది. పరీక్ష హాల్లో మీ జవాబు సరైనదో కాదో ఎవరినీ అడగకుండా తేల్చుకునే మార్గం ఇదే. రెండు నిమిషాలు మిగిలితే ఈ కూడిక చేయండి.

మనం డబ్బు ఇచ్చి కొనేది 14.2 కిలోలు. మిగతా 51.6 కిలోలు గాలి ఊరికే ఇస్తోంది. ఎంత గాలి? గాలిలో ఆక్సిజన్ ఘనపరిమాణంలో సుమారు 21 శాతం. 1613.6 మోల్‌ల ఆక్సిజన్ ఉండాలంటే దాదాపు 7680 మోల్‌ల గాలి కావాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో, ఏ వాయువైనా ఒక మోల్ 24.5 లీటర్ల చోటు తీసుకుంటుంది. అంటే 1,88,000 లీటర్లు, 188 ఘనపు మీటర్లు. వంటిల్లు 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉంటే దానిలో పట్టే గాలి 22.5 ఘనపు మీటర్లు. ఎనిమిది వంటిళ్ల గాలిలోని ఆక్సిజన్ మొత్తం ఒక్క సిలిండరుకు చాలదన్నమాట. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కిందికి మళ్లీ వస్తాం.

పట్టాల అతుకు

రైల్వే కాలనీల్లో ఉండేవాళ్లలో కొందరైనా ఈ పని చూసి ఉంటారు. రెండు పట్టాల కొసల మధ్య చిన్న సందు ఉంచి, చుట్టూ ఇసుక అచ్చు బిగించి, పైన మూసలో ఒక నల్లటి పొడి పోసి వెలిగిస్తారు. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు, నిప్పురవ్వలు. కొద్ది సేపట్లో కరిగిన లోహం అచ్చులోకి దిగి, రెండు పట్టాలు ఒకటైపోతాయి. దీన్ని థర్మిట్ అతుకు అంటారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1890లలో దీన్ని కనిపెట్టాడు. పాత పాసింజరు బండ్లలో వినిపించిన టకటకలు ఈ రోజుల్లో తగ్గడానికి పట్టాలను ఇలా అతికి పొడుగు చేయడం ఒక కారణం.

ఆ పొడిలో ముఖ్యమైనవి ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం.

1 ఐరన్ ఆక్సైడ్ + 2 అల్యూమినియం → 1 అల్యూమినియం ఆక్సైడ్ + 2 ఇనుము

ఇనుము పరమాణు భారం 56, అల్యూమినియం 27. ఐరన్ ఆక్సైడ్‌లో రెండు ఇనుములు, మూడు ఆక్సిజన్‌లు కనుక మోల్‌కు 160 గ్రాములు. అల్యూమినియం ఆక్సైడ్ అదే తీరున 102.

సిలిండరు దగ్గర మనం చేతిలో ఉన్న సరుకు నుంచి వచ్చేదాన్ని లెక్కగట్టాం. ఇక్కడ వెనక నుంచి వస్తాం. అతుకుకు 5.6 కిలోల ఇనుము కావాలనుకుందాం. పొడిలో ఏది ఎంత కలపాలి? 5600ను 56తో భాగిస్తే 100 మోల్‌ల ఇనుము. నిష్పత్తిలో ఇనుమూ అల్యూమినియమూ 2కు 2, అంటే సమానం, కనుక అల్యూమినియం 100 మోల్‌లు, 2.7 కిలోలు. ఐరన్ ఆక్సైడ్ ఇనుములో సగం, 50 మోల్‌లు, 8 కిలోలు. అల్యూమినియం ఆక్సైడ్ కూడా 50 మోల్‌లు, 5.1 కిలోలు. అది తేలికైనది కనుక కరిగిన ఇనుము పైన మడ్డిలా తేలుతుంది. సరిచూద్దాం: 8, 2.7 కలిసి 10.7. 5.6, 5.1 కలిసి 10.7. నిజమైన పనిలో పట్టా ఉక్కుకు తగిన గట్టిదనం రావడానికి ఈ పొడిలో వేరే లోహాలు, ఉక్కు ముక్కలు కూడా కలుపుతారు. లెక్కకు వెన్నెముక మాత్రం ఈ సమీకరణమే.

ఎవరో తూకంలో పొరపడి 8 కిలోల ఐరన్ ఆక్సైడ్‌కు 2 కిలోల అల్యూమినియమే వేశారనుకుందాం. ఇప్పుడు ఎంత ఇనుము వస్తుంది? మళ్లీ తాంబూలాల దగ్గరికి వెళదాం. 500 ఆకులు, 200 వక్కలు ఉంటే ఎన్ని తాంబూలాలు? రెండు వందలే. వక్కలు అయిపోయాక మిగిలిన వంద ఆకులతో చేసేదేమీ లేదు. ఏది ముందు అయిపోతుందో అదే మొత్తాన్ని నిర్ణయిస్తుంది. పుస్తకంలో దీన్ని లిమిటింగ్ రీయేజెంట్ అంటారు. మనం ముందుగా అయిపోయేది అనుకుంటే చాలు.

2000ను 27తో భాగిస్తే 74.07 మోల్‌ల అల్యూమినియం. ఐరన్ ఆక్సైడ్ 50 మోల్‌లు ఉంది, దానికి 100 మోల్‌ల అల్యూమినియం కావాలి, లేదు. కనుక అల్యూమినియం ముందు అయిపోతుంది. ఇనుము 74.07 మోల్‌లు, 4.15 కిలోలే. వాడిన ఐరన్ ఆక్సైడ్ 37.04 మోల్‌లు, 5.93 కిలోలు. మిగతా 2.07 కిలోలు లోహంగా మారకుండా ఉండిపోతుంది. రావాల్సిన ఇనుములో పావు వంతుకు మించి తగ్గింది. దాని మీద నడిచేది రైలు.

అల్యూమినియం ఎక్కువ వేస్తే మంచిదా? 8 కిలోల ఆక్సైడ్‌కు 3 కిలోల అల్యూమినియం అనుకోండి. అల్యూమినియం 111.1 మోల్‌లు, దానికి 55.6 మోల్‌ల ఆక్సైడ్ కావాలి, ఉన్నది 50. ఈసారి ముందు అయిపోయేది ఆక్సైడ్. ఇనుము 5.6 కిలోలే వస్తుంది, 300 గ్రాముల అల్యూమినియం మిగిలిపోయి ఉక్కులో కలుస్తుంది. చూశారా, 3 కిలోలు 8 కిలోల కన్నా చాలా తక్కువ. అయినా ముందు అయిపోయింది 8 కిలోలదే. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. తక్కువ బరువున్న దాన్ని చూసి ఇదే ముందు అయిపోతుందని తేల్చేస్తారు. బరువులను పోల్చవద్దు, మోల్‌లను పోల్చండి. మోల్‌లను కూడా ఉత్తినే కాదు, సమీకరణం అడిగే నిష్పత్తిలో పోల్చండి.

తలుపులు మూసిన గది

తీర ప్రాంతాల నుంచి ఉత్తరాదికి బదిలీ అయ్యే కుటుంబాలకు మొదటి చలికాలం కొత్తగా ఉంటుంది. తలుపులు, కిటికీలు బిగించుకుంటారు. కొన్ని ఇళ్లలో స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉంటుంది. కొన్నిచోట్ల రాత్రి గదిలో అంగీఠీ పెడతారు, మన కుంపటి లాంటిది. ప్రతి చలికాలమూ ఈ రెండింటి వల్ల ప్రాణాలు పోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. ఇక్కడ ముందుగా అయిపోయేది గ్యాసూ కాదు, బొగ్గూ కాదు. గాలి.

స్నానాల గది 2 మీటర్లు, 1.5 మీటర్లు, ఎత్తు 2.5 మీటర్లు అనుకుందాం. 7.5 ఘనపు మీటర్లు, 7500 లీటర్లు. 24.5తో భాగిస్తే 306 మోల్‌ల గాలి, అందులో ఆక్సిజన్ సుమారు 64 మోల్‌లు. ప్రొపేన్‌కు 1కి 5 కనుక 64 మోల్‌లతో కాలగలిగేది 12.9 మోల్‌ల ప్రొపేన్ మాత్రమే, 570 గ్రాముల లోపు. సిలిండరులో ఉన్నది 14,200 గ్రాములు!

అంతవరకూ రానక్కరలేదు. 150 గ్రాములు కాలిందనుకోండి. 3.41 మోల్‌లు. వాడిన ఆక్సిజన్ 17 మోల్‌లు, అంటే ఉన్నదానిలో నాలుగో వంతు దాటింది. గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 15 శాతం దగ్గరికి పడిపోయింది. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ 10.2 మోల్‌లు, గది గాలిలో 3 శాతానికి పైగా. బయటి గాలిలో అది 0.04 శాతం ఉంటుంది.

ఇంకా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట వేరే సమీకరణం వైపు జారుతుంది.

2 ప్రొపేన్ + 7 ఆక్సిజన్ → 6 కార్బన్ మోనాక్సైడ్ + 8 నీరు

పూర్తిగా కాలడానికి 2 మోల్‌ల ప్రొపేన్‌కు 10 మోల్‌ల ఆక్సిజన్ కావాలి. ఈ దారిలో 7 చాలు. బొగ్గులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1 కార్బన్‌కు 1 ఆక్సిజన్ దొరికితే కార్బన్ డయాక్సైడ్. 2 కార్బన్‌లకు 1 ఆక్సిజనే దొరికితే 2 కార్బన్ మోనాక్సైడ్. అదే బొగ్గు, సగం ఆక్సిజన్, పూర్తిగా వేరే పదార్థం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు.

కుంపటి విషయంలో ఇంకొకటి ఉంది. గదిలో గాలి చాలినంత ఉన్నా, పోగులో లోపలి బొగ్గుకు అది అందదు. అందుకే మొదటి నుంచే మోనాక్సైడ్ పుడుతూ ఉంటుంది. నిద్రపోయే గదిలో కుంపటి ఉంచకూడదు. గ్యాసు గీజరు స్నానాల గది బయట ఉండాలి, వెంటిలేటరుకు చలి కోసం అట్ట అడ్డం పెట్టకూడదు. కొత్త క్వార్టరులో దిగిన రోజు సామాను విప్పే ముందు ఆ వెంటిలేటరు తెరుచుకుంటోందో లేదో చూడమని ఇంట్లో చెప్పండి. ఎందుకని అడిగితే 1కి 5 లెక్క చూపించండి.

చేసి చూడండి

ఒకటి. ఆకూ వక్కా చెప్పి సున్నం వదిలేయడం బాగుండదు. సున్నపురాయిని, అంటే కాల్షియం కార్బొనేటును, బట్టీలో కాలిస్తే 1కి 1 చొప్పున పొడి సున్నం, 1కి 1 చొప్పున కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. కాల్షియం పరమాణు భారం 40. కార్బొనేటులో ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్‌లు. పొడి సున్నంలో ఒక కాల్షియం, ఒక ఆక్సిజన్. 5 కిలోల స్వచ్ఛమైన రాయి నుంచి ఎంత సున్నం వస్తుంది?

రెండు. 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ కలిపి మండిస్తే ఎంత నీరు వస్తుంది? ఏది, ఎంత మిగులుతుంది?

మూడు. అంతరిక్ష నౌకలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను లిథియం హైడ్రాక్సైడ్‌తో పీల్చేస్తారు. 2 లిథియం హైడ్రాక్సైడ్ + 1 కార్బన్ డయాక్సైడ్ → 1 లిథియం కార్బొనేట్ + 1 నీరు. లిథియం హైడ్రాక్సైడ్ ఒక మోల్ 24 గ్రాములు. ఒక మనిషి రోజుకు సుమారు 1 కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ముగ్గురు మనుషులకు నాలుగు రోజులకు ఎంత లిథియం హైడ్రాక్సైడ్ కావాలి?

జవాబులు: ఒకటి, 50 మోల్‌లు, 2.8 కిలోల సున్నం. రెండు, ఆక్సిజన్ ముందు అయిపోతుంది, 72 గ్రాముల నీరు వస్తుంది, 2 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. మూడు, ఒక మనిషికి ఒక రోజుకు సుమారు 1.09 కిలోలు, మొత్తం 13 కిలోల పైచిలుకు.